పొడవు, రేఖ, సౌష్ఠవం: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో

పొడవు అంటే రెండు బిందువుల నడిమి దూరం. రేఖ అంటే వెడల్పు, మందం లేకుండా పొడవు మాత్రమే ఉన్న ఆకృతి. ఒక ఆకారాన్ని మడిచినా, తిప్పినా, అద్దంలో చూసినా మునుపటిలాగే కనబడితే దానికి సౌష్ఠవం ఉందంటారు. బడి గణితంలో విడివిడి అధ్యాయాలుగా వచ్చే ఈ మూడు భావనలు కార్ఖానాలో ఒకే పనిలో కలిసిపోతాయి. కొలిచిన పొడవు సరైనదో కాదో, గీసిన గీత తిన్నగా ఉందో లేదో తేల్చడానికి అక్కడ చాలాసార్లు ఆధారం సౌష్ఠవమే. హైదరాబాదుకు వాయవ్యంగా 65వ నంబరు జాతీయ రహదారి వెంటా, దాని పక్కలా రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, రుద్రారం, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా జహీరాబాదు దాకా పరుచుకున్న పారిశ్రామిక ప్రాంతంలో టర్బైన్లు, టైర్లు, ట్రాక్టర్లు, మందులు, వైద్య పరికరాలు తయారవుతాయి. సరుకు ఏదైనా దాని వెనక ఉన్న రేఖాగణితం ఒకటే.

మీటరు

మీటరు భూమి మీద ఊహించుకున్న ఒక రేఖ నుంచి పుట్టింది. ఉత్తర ధ్రువం నుంచి పారిస్ మీదుగా భూమధ్యరేఖ దాకా పోయే మధ్యాహ్నరేఖ పొడవులో కోటో వంతును మీటరుగా తీసుకోవాలని 1791లో ఫ్రెంచివారు నిశ్చయించారు. 1792–98 మధ్య డెలాంబ్ర్, మెషాన్ అనే ఇద్దరు ఖగోళవేత్తలు డంకర్క్ నుంచి బార్సిలోనా దాకా త్రిభుజాలు పేర్చుకుంటూ ఆ రేఖలో కొంత భాగాన్ని కొలిచారు. వారి ఫలితం మీద కట్టిన మీటరు ఉండాల్సిన దానికంటే సుమారు 0.2 మిల్లీమీటర్లు పొట్టిగా తేలింది. అయినా ఆ పొట్టి మీటరే లోకంలో నిలిచింది. 1799లో అది ప్లాటినం కడ్డీ రూపం పొందింది. 1889లో ప్లాటినం–ఇరిడియం కడ్డీ మీది రెండు గీతల నడిమి దూరమైంది. 1960లో క్రిప్టాన్–86 కాంతి తరంగదైర్ఘ్యానికి 16,50,763.73 రెట్లుగా దాన్ని నిర్వచించారు. 1983 నుంచి శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. పగలడానికీ, అరగడానికీ ఇప్పుడు కడ్డీ అంటూ లేదు.

ఫ్రెంచివారి కొలత ముగిసిన కొద్ది ఏళ్లకే దక్కనులోనూ మధ్యాహ్నరేఖ కొలత సాగింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే తర్వాత 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి దగ్గరగా ఉత్తరానికి నడిచింది. ఆ రేఖాంశం సంగారెడ్డి పట్టణానికి కొద్దిగా పడమరన పోతుంది. 1815లో బీదరు దగ్గర, అంటే నేటి సంగారెడ్డి జిల్లా సరిహద్దు పక్కనే, లాంబ్టన్ ఒక ఆధారరేఖను నేల మీద స్వయంగా కొలిపించాడు. త్రిభుజాల గొలుసు ఎంత దూరం సాగినా మిగతా భుజాలను కోణాలతో లెక్కగట్టవచ్చు. కానీ ఒక్క భుజమైనా నిజంగా కొలవకపోతే లెక్కకు కాళ్లుండవు. కొలవడానికి వాడిన నూరడుగుల ఉక్కు గొలుసును చెక్క పెట్టెల్లో, నీడలో పరిచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, వేడికి అది ఎంత సాగిందో లెక్కలోంచి తీసేసేవారు. తర్వాత పేరుమోసిన జార్జ్ ఎవరెస్టు 1818లో ఈ సర్వేలో లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదులోనే చేరాడు.

భారతదేశం 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసి, 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ పద్ధతిని దశలవారీగా అమలు చేసింది. నయాపైసలు అంతకు ఏడాదిన్నర ముందే, 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. పదితో హెచ్చించడం, భాగించడం జనానికి మొదట డబ్బు దగ్గర అలవాటై, ఆ తర్వాత గుడ్డ దగ్గరా బియ్యం దగ్గరా అక్కరకొచ్చింది. కిలోమీటరుకు 1000 మీటర్లు, మీటరుకు 100 సెంటీమీటర్లు లేదా 1000 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 1000 మైక్రాన్లు. దశాంశ బిందువును జరపడం తప్ప ఇందులో కంఠస్థం చేయాల్సింది లేదు. దేశంలో పొడవు ప్రమాణాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల లేజరు కాంతి సాయంతో నిలబెడుతుంది. వ్యాపారంలో వాడకాన్ని 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం నియంత్రిస్తుంది. మెట్రిక్ కాని ప్రమాణంలో ధర చెప్పడాన్నీ, ప్రకటన ఇవ్వడాన్నీ ఆ చట్టం నిషేధిస్తుంది.

చట్టం మాట అలా ఉన్నా పటాన్‌చెరు చుట్టుపక్కల ఒకే నేలను మూడు భాషల్లో కొలుస్తారు. పరిశ్రమల ప్లాట్ల కేటాయింపు చదరపు మీటర్లలో, ఇళ్ల స్థలాల బేరం గజాల్లో, పట్టాదారు పాసుపుస్తకం ఎకరాలు, గుంటల్లో నడుస్తుంది. ఇక్కడ గజమంటే చదరపు గజమే. దాని విలువ 0.8361 చదరపు మీటర్లు. కాబట్టి 200 గజాల ప్లాటు 167 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. గుంట అంటే 33 అడుగుల భుజం గల చతురస్రం, అంటే 11 గజాలకు 11 గజాలు, మొత్తం 121 చదరపు గజాలు. అలాంటివి 40 చేరితే 4,840 గజాలు, ఒక ఎకరం. కోస్తాలో ఎకరాన్ని నూరుగా పంచి సెంటు అంటారు కాబట్టి అక్కడి సెంటు 48.4 గజాలు. గుంటలు, సెంట్లు కలగలిపి బేరమాడే చోట పొరపాటు పడటం తేలిక. హెక్టారు సర్కారు నివేదికల్లో తప్ప ఊళ్లో వినబడదు.

కార్ఖానా లోపల కూడా అంగుళం పూర్తిగా పోలేదు. 1959లో అంతర్జాతీయ ఒప్పందంతో అంగుళం కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లయింది. అంటే అంగుళం సైతం ఇప్పుడు మీటరు మీదే ఆధారపడి ఉంది. పాత మిస్త్రీల నోట సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మిల్లీమీటర్లు. థౌ అంటే వెయ్యో వంతు, 25.4 మైక్రాన్లు. రెండు పద్ధతులూ ఒకే వస్తువు మీద కాపురం చేసే చోటు టైరు. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్ల కర్మాగారం ఉంది. ఏ కంపెనీ టైరైనా పక్కగోడ మీది రాత తీరు ఒకటే. కారు టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉంటే 165 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. 14 అనేది చక్రం వ్యాసం, అంగుళాల్లో. పక్కగోడ 132 మి.మీ., చక్రం 355.6 మి.మీ. పక్కగోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి టైరు పూర్తి వ్యాసం 619.6 మి.మీ., చుట్టుకొలత సుమారు 1,947 మి.మీ. బరువుకు నొక్కుకుపోయేదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే కిలోమీటరుకు ఆ చక్రం సుమారు 514 చుట్లు తిరుగుతుంది.

కొలత, వేడి

యంత్రాల డ్రాయింగు మీద పొడవులన్నీ మిల్లీమీటర్లే. అంకె పక్కన ప్రమాణం రాయరు. స్కేలు మీద మిల్లీమీటరు, మహా అయితే అరమిల్లీమీటరు దాకా చదవవచ్చు. అంతకంటే సూక్ష్మానికి వెర్నియర్ కావాలి. దాని జారే స్కేలు మీద 49 మిల్లీమీటర్ల నిడివిని 50 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ప్రధాన స్కేలు భాగం కంటే 0.02 మి.మీ. తక్కువ కాబట్టి, ఏ గీత ఎదుటి గీతతో కలిసిందో చూసి ఆ 0.02ల లెక్క చెప్పవచ్చు. మైక్రోమీటరులో మర ఒక చుట్టుకు 0.5 మి.మీ. జరుగుతుంది. చుట్టును 50 భాగాలు చేస్తే ఒక్కో గీత 0.01 మి.మీ. లేత్ మీద పనివారు దీన్ని పాయింట్ జీరో వన్ అంటారు. తల వెంట్రుక మందం సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్లు. సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కులో తయారీకి వచ్చిన వస్తువుల్లో గుండె రక్తనాళాల స్టెంటు ఒకటి. ఈనాటి స్టెంట్లలో జాలీ పోగు మందం చాలావరకు వెంట్రుకకు దీటుగానే ఉంటుంది.

ఏ పొడవూ కచ్చితంగా 25 మిల్లీమీటర్లు కాదు. డ్రాయింగు 25 అని చెప్పి, పైకి ఎంత, కిందికి ఎంత తేడా చెల్లుతుందో కూడా చెబుతుంది. ఆ తేడానే టాలరెన్స్. వందల సంఖ్యలో వచ్చే ముక్కలను ఒక్కొక్కటే కొలవరు. రెండు కొసల గేజు ఒకటి చేతిలో పెట్టుకుంటారు. ఒక కొస రంధ్రంలో దూరాలి, రెండోది దూరకూడదు. అంకె చదవకుండానే తీర్పు వస్తుంది.

పొడవుకు ఉష్ణోగ్రత తోడు లేకపోతే అర్థం లేదు. పారిశ్రామిక కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెల్లుతాయని 1931లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. పటాన్‌చెరు ఎండాకాలంలో షెడ్డులో 40 డిగ్రీలు కొత్త కాదు. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది కాబట్టి 40 డిగ్రీల దగ్గర అది 0.23 మి.మీ. ఎక్కువ ఉంటుంది. అల్యూమినియమైతే దానికి రెట్టింపు. ఉక్కు పనిని అదే వేడిలో ఉన్న ఉక్కు స్కేలుతో కొలిస్తే రెండూ కలిసే సాగుతాయి, తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. ఉక్కు స్కేలుతో అల్యూమినియం కొలిచినప్పుడో, యంత్రం మీంచి అప్పుడే దించిన వేడి ముక్కను ఏసీ గదిలోని పరికరంతో చూసినప్పుడో అసలు చిక్కు వస్తుంది. కొలతల గదిలో ముక్కను కొన్ని గంటలు ఊరికే ఉంచడం తొందర ఉన్నవారికి దండగగా తోస్తుంది గానీ, ఆ గంటలు కూడా కొలతలో భాగమే. గదిలోని స్లిప్ గేజులను, అంటే మందం కచ్చితంగా తెలిసిన ప్రమాణ దిమ్మెలను, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు, ఆ ప్రయోగశాల ప్రమాణాలను అంతకు పైదానికి పోల్చి చూస్తూ పోతే వరుస చివరికి న్యూఢిల్లీ చేరుతుంది. హైదరాబాదు వైపు ఇలాంటి టూల్‌రూం విద్యకు, పనికి పాత చిరునామా బాలానగర్‌లో 1968లో ఏర్పడిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ.

రేఖలు

సరళరేఖకు కొసల్లేవు, రెండు వైపులా అంతులేకుండా పోతుంది. ఒక కొస ఉంటే కిరణం, రెండు కొసలూ ఉంటే రేఖాఖండం. కొలవగలిగేది రేఖాఖండాన్ని మాత్రమే. ఒకే తలంలో ఎంత పొడిగించినా కలవని రేఖలు సమాంతరాలు. 90 డిగ్రీల కోణంలో ఖండించుకునేవి లంబరేఖలు. సమాంతరాలకు పాఠ్యపుస్తకాలు రైలు పట్టాలను చూపిస్తాయి. సికింద్రాబాదు–వాడి మార్గంలో లింగంపల్లి, శంకరపల్లి మీదుగా పోయే బ్రాడ్‌గేజ్ పట్టాల నడిమి దూరం 1,676 మి.మీ. అయితే వంపు దగ్గర ఆ పట్టాలు సరళరేఖలు కావు, దూరం మాత్రం నిలబడుతుంది. కలవకపోవడం కంటే లంబదూరం మారకపోవడమే పనికొచ్చే పరీక్ష.

యంత్రాల డ్రాయింగులో గీతకు జాతులుంటాయి. కంటికి కనబడే అంచుకు దళసరి అఖండ గీత, లోపల దాగిన అంచుకు తునకల గీత, అక్షానికి పొడవు తునక, చుక్క, మళ్లీ పొడవు తునకగా సన్నని గొలుసు గీత. ఆ గొలుసు గీత వస్తువు మీద ఎక్కడా ఉండదు. అయినా మిషనిస్టు మొదట వెతికేది దాన్నే, ఎందుకంటే కొలతలు దాని నుంచే మొదలవుతాయి. సౌష్ఠవం ఉన్న వస్తువును సగమే గీసి, అక్షం రెండు కొసల దగ్గర రెండేసి చిన్న అడ్డగీతలు పెడితే రెండో సగం ఉన్నట్టే లెక్క. డ్రాయింగు కాగితం కొలతల వెనకా ఒక నియమముంది. ఏ0 షీటు 841 × 1,189 మి.మీ., వైశాల్యం ఒక చదరపు మీటరు. భుజాల నిష్పత్తి √2 కాబట్టి పొడుగు భుజాన్ని సగానికి మడిచినా ఆకారం మారదు. అలా మడుస్తూ పోతే ఏ1, ఏ2, చివరికి ఆఫీసుల్లోని ఏ4.

నేల మీద రేఖ గీయడం మేస్త్రీ పని. లైన్ దోరీ బిగించి లాగితే తిన్నని రేఖ, వడంబం వేలాడదీస్తే నిలువు రేఖ, రసమట్టంతో అడ్డరేఖ, గునియాతో లంబం. దోరీ ఎంత బిగించినా నడుమ కాస్త జారుతుంది. వడంబాలు దాదాపుగా భూకేంద్రం వైపు చూస్తాయి కాబట్టి అవీ కచ్చితంగా సమాంతరాలు కావు. 31 మీటర్ల ఎడంలో వేలాడే రెండింటి నడుమ కోణం ఒక సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఇళ్ల నిర్మాణంలో దాన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

పునాది మూల 90 డిగ్రీలు ఉందా లేదా అన్నది మాత్రం పట్టించుకోవాలి. భుజాలు 3, 4, వాటి నడుమ కర్ణం 5 అయితే మూల లంబం. ఈ ప్రాంతంలో మామూలైన 30 × 40 అడుగుల ప్లాటుకు కర్ణం సరిగ్గా 50 అడుగులు రావడం మేస్త్రీలకు దొరికిన సౌకర్యం. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి మూలల్లో ఒక్క డిగ్రీ తేడా వచ్చిందనుకుంటే ఒక కర్ణం 49.58 అడుగులకు తగ్గి, రెండోది 50.42కు పెరుగుతుంది. రెంటి మధ్య తేడా పది అంగుళాలు. కోణంలో కంటికి ఆనని తప్పు కర్ణాల్లో టేపు మీద స్పష్టంగా కనబడుతుంది. అందుకే ముగ్గు పోశాక రెండు కర్ణాలూ కొలిచి చూడటం కోణమానిని కంటే మేలైన పరీక్ష.

వాలు కోసం గీసే సమాంతర రేఖలకు ఉదాహరణ పటాన్‌చెరులోనే ఉంది. 1972లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్లరేగడి నేలల కోసం వెడల్పు బోదెలు, కాలువల పద్ధతిని రూపొందించింది. మీటరు వెడల్పు బోదె, అరమీటరు కాలువ కలిపి 150 సెంటీమీటర్లకు ఒక వరుస. కాలువలకు నూరు మీటర్లకు 40 నుంచి 80 సెంటీమీటర్ల వాలు ఉంచుతారు. అంతకంటే తక్కువైతే నీరు నిలుస్తుంది, ఎక్కువైతే మట్టి కోసుకుపోతుంది.

అసలు తిన్నని రేఖ మొదట ఎక్కడ నుంచి వచ్చింది? స్కేలు తిన్నగా ఉందని మరో స్కేలు చెబితే, ఆ రెండోదాని సంగతి ఎవరు చెప్పాలి? జోసెఫ్ విట్‌వర్త్ 1840లో ప్రకటించిన పద్ధతి దీనికి జవాబు. రెండు ఇనుప ఫలకాలను ఒకదానికొకటి రుద్ది, రంగు అంటిన మెట్టలను స్క్రేపరుతో తీస్తూ పోతే అవి అతుక్కుంటాయి గానీ సమతలం కావచ్చు, కాకపోవచ్చు. ఒకటి ఉబ్బుగా, రెండోది గుంటగా ఉన్నా అతుక్కుంటాయి. మూడో ఫలకం తెచ్చి, ప్రతి జతనూ వంతులవారీగా రుద్దితే ఉబ్బు, గుంట రెండూ నిలవవు. ఏ రెండింటిని తీసుకున్నా అతుక్కోవాలంటే మూడూ సమతలమే కావాలి. టూల్‌రూముల్లోని సర్ఫేస్ ప్లేటు వంశం ఇదే. మెరుగైన పరికరమేదీ లేకుండా, మూడింటి పాత్రలు మార్చుకోవడంతోనే సత్యం తేలడం ఈ పద్ధతి గొప్పతనం.

సౌష్ఠవం

ఒక రేఖ వెంట మడిచినప్పుడు రెండు భాగాలు ఏకీభవిస్తే ఆ రేఖ సౌష్ఠవాక్షం. సమద్విబాహు త్రిభుజానికి ఒక అక్షం, సమబాహు త్రిభుజానికి మూడు, దీర్ఘచతురస్రానికి రెండు, సమచతుర్భుజానికి రెండు, చతురస్రానికి నాలుగు, n భుజాల క్రమ బహుభుజికి n, వృత్తానికి లెక్కలేనన్ని. పిల్లలు, అప్పుడప్పుడు పెద్దలు కూడా, తప్పుపడే చోటు దీర్ఘచతురస్రం కర్ణం. అది ఆకారాన్ని సరిసమానమైన రెండు ముక్కలు చేస్తుంది, కానీ దాని వెంట మడిస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. సమానంగా పంచడం వేరు, మడతకు లొంగడం వేరు. సమాంతర చతుర్భుజానికి సౌష్ఠవాక్షమే లేదు. అయినా కర్ణాలు కలిసే బిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే యథాతథంగా వస్తుంది. ఇది భ్రమణ సౌష్ఠవం. పూర్తి చుట్టులో ఎన్నిసార్లు ఏకీభవిస్తే అంత దాని పరిమాణం: సమాంతర చతుర్భుజానికి 2, చతురస్రానికి 4. బడి పుస్తకాల్లో దీనికి రోమన్ అక్షరాలు చూపడానికి కారణముంది. తలకట్టు ఉన్న తెలుగు అక్షరమేదీ మడతకు లొంగదు, సున్న మాత్రం నిక్షేపంగా నిలుస్తుంది.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు పెద్ద సంఖ్యలో దొరికాయి. ఆ వంశపు నాణేల వెనకవైపు తరచుగా ఉండే ఉజ్జయిని చిహ్నం కూడలి గుర్తు, దాని నాలుగు కొసల్లో నాలుగు వలయాలు. నాలుగు అక్షాలు, నాలుగో పరిమాణపు భ్రమణం; చతురస్రానికున్న సౌష్ఠవమంతా దానికుంది. స్వస్తిక్‌కు భ్రమణం నాలుగే గానీ అక్షం ఒక్కటీ లేదు. అద్దంలో అది తిరగబడుతుంది.

సౌష్ఠవం అందానికే కాదు, తప్పు పట్టుకోవడానికీ పనికొస్తుంది. రసమట్టాన్ని గోడ మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట కొసలు తారుమారు చేసి మళ్లీ పెట్టాలి. బుడగ మనిషికి అదే వైపున నిలిస్తే పరికరం నిజం చెబుతోంది, గోడదే వాలు. బుడగ రెండో వైపుకు మారితే తప్పు పరికరానిది. గునియాకూ అంతే. అంచుకు ఆనించి గీత గీసి, గునియాను బోర్లించి అదే బిందువు నుంచి రెండో గీత గీస్తే, రెండు గీతల నడుమ కనబడే ఎడం అసలు తప్పుకు రెట్టింపు. తప్పును రెట్టింపు చేసి చూపడం వల్ల అది కంటికి తేలిగ్గా దొరుకుతుంది. కొత్త పరికరం కొన్నరోజే ఈ పరీక్ష చేయడం మంచి మేస్త్రీ లక్షణం.

లేత్ చక్‌కు మూడు దవడలు 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి. అది గుండ్రని కడ్డీనీ, షడ్భుజి కడ్డీనీ తనంతట తానే మధ్యకు తెచ్చి పట్టుకుంటుంది. చతురస్రపు కడ్డీని పట్టలేదు, ఎందుకంటే ఆరును మూడు నిశ్శేషంగా భాగిస్తుంది, నాలుగును భాగించదు. దానికి నాలుగు దవడల చక్ కావాలి. గుండ్రని కడ్డీ మీద షడ్భుజి తల మిల్లింగ్ చేయాలంటే డివైడింగ్ హెడ్ వాడతారు. దాని చేతిపిడి 40 చుట్లు తిప్పితే పని ఒక చుట్టు తిరుగుతుంది. ఆరు ముఖాలకు 40ను 6తో భాగిస్తే 6 చుట్లు, ఇంకా మూడింట రెండు వంతులు. చేతిపిడి వెనక పలకలోని 18 రంధ్రాల వలయం మీద అది 6 చుట్లు, 12 రంధ్రాలు. పైపుల ఫ్లాంజి మీది బోల్టు రంధ్రాలను సరిచూసేదీ ఇలాగే. 200 మి.మీ. వ్యాసపు వలయం మీద 8 రంధ్రాలుంటే పక్కపక్క కేంద్రాల దూరం 76.54 మి.మీ. ఉండాలి, ఆరు రంధ్రాలైతే సరిగ్గా 100, అంటే వ్యాసార్ధమే.

బోల్టు తల షడ్భుజి కాబట్టి 60 డిగ్రీలకు ఒకసారి మళ్లీ అదే స్థితికి వస్తుంది. స్పానరు 60 డిగ్రీలు ఊగడానికి జాగా లేని ఇరుకులో ఏం చేయాలి? నోరు తెరిచిన స్పానరు దవడలను పిడికి 15 డిగ్రీల వాలుగా చేసింది అందుకే. ఒక పట్టు పట్టి తిప్పి, స్పానరును బోర్లించి మళ్లీ పడితే 30 డిగ్రీల జాగా చాలు. షడ్భుజి సౌష్ఠవంతో స్పానరు అసౌష్ఠవం కలిస్తే వచ్చిన సౌకర్యమది.

వేగంగా తిరిగే యంత్రంలో సౌష్ఠవం తప్పితే నష్టం ఎంతో అంకెల్లో చెప్పవచ్చు. రామచంద్రాపురంలో 1960ల్లో నెలకొన్న భెల్ కర్మాగారం టర్బైన్లు, కంప్రెసర్లు తయారు చేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రెండు ధ్రువాల జనరేటరును నేరుగా తిప్పే టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి. ఆ వేగంలో అక్షానికి అరమీటరు దూరాన ఒకవైపు 10 గ్రాములు ఎక్కువున్నా రోటరును సుమారు 490 న్యూటన్ల బలం, అంటే 50 కిలోల బరువంత, చుట్టుకోసారి నలుదిక్కులా గుంజుతుంది. అందుకే బ్లేడ్లను ఒక్కొక్కటిగా తూచి, సమాన భారం ఉన్నవాటిని ఎదురెదురుగా అమర్చి, చివరికి రోటరును తిప్పి బ్యాలెన్స్ చేస్తారు.

అన్నివేళలా సౌష్ఠవం మంచిదనుకోవడమూ పొరపాటే. టైరు మీది దిమ్మెలన్నీ సమాన దూరంలో ఉంటే నేలను తాకే చప్పుడు ఒకే స్వరంగా ఈల వేస్తుంది. దిమ్మెల పొడవును కావాలని కొద్దికొద్దిగా మార్చి ఆ స్వరాన్ని చెదరగొడతారు. జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. ట్రాక్టరు వెనక టైరు మీద కుడి, ఎడమ పట్లు ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి. అద్దంలో ప్రతిబింబాన్ని తీసుకుని ఒకే వైపు పట్ల నడిమి దూరంలో సగం ముందుకు జరిపితే ఒకటి రెండోదాని మీద కూర్చుంటుంది. దీన్ని జారుడు ప్రతిబింబం అంటారు. తడి మట్టిలో మనిషి అడుగుజాడలదీ ఇదే వరుస.

అద్దంలో ఒదగనివి

కుడి అరచేయి, ఎడమ అరచేయి ఒకదానికొకటి ప్రతిబింబాలు, కానీ ఎలా తిప్పినా ఒకదాని చోట ఒకటి ఒదగవు. పటాన్‌చెరు, బొల్లారం బల్క్ డ్రగ్ కంపెనీలకు ఈ చేతివాటం రోజువారీ వ్యవహారం. ఒక కర్బన పరమాణువుకు నాలుగు వేర్వేరు గుంపులు తగులుకుని ఉంటే ఆ అణువు రెండు రూపాల్లో దొరుకుతుంది. బరువు, మరిగే ఉష్ణోగ్రత రెంటికీ ఒకటే; శరీరంలోని ప్రోటీన్లు మాత్రం వాటిని వేర్వేరుగా పట్టుకుంటాయి. సెటిరిజిన్ రెండు రూపాల మిశ్రమం, లీవోసెటిరిజిన్ అందులో ఒక్కటే. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్‌ల సంబంధమూ అంతే. ప్రతిబింబ రూపాలను విడివిడిగా పరీక్షించి వివరాలివ్వాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1992లో విధానం ప్రకటించాక, ఒక్క చేతి అణువును శుద్ధంగా తయారు చేయడం ఎగుమతి కంపెనీలకు తప్పనిసరి నైపుణ్యమైంది.

లోహంలో ఈ చేతివాటం కనబడేది మరల్లో. మామూలు బోల్టు కుడివైపు తిప్పితే బిగుస్తుంది. దాని ప్రతిబింబం ఎడమ మర, ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండరుకు కుడి మర, ఎసిటలీన్ వంటి మండే వాయువుకు ఎడమ మర పెడతారు, ఒకదాని గొట్టం రెండోదానికి ఎక్కకూడదని. మండే వాయువు నట్టును దూరం నుంచే పోల్చుకోవడానికి దాని షడ్భుజి మూలల మీద గాట్లు పెడతారు. గాటున్న నట్టును విప్పాలంటే కుడివైపు తిప్పాలి.